ఫ్రాగ్ ఐడీ యాప్: మా పెరట్లో ఆ 'టక్' ఎవరిదో చెప్పింది

రెండేళ్ళపాటు నేను దాన్ని పక్కింటివాళ్ళ కుళాయి అనుకున్నాను. సిడ్నీలో మేముండేది వెంట్వర్త్‌విల్ దగ్గర. టౌన్‌హౌస్, వెనక చిన్న పెరడు, ప్రహరీ అవతల వాననీళ్ళు చేరే గుంట. వాన పడ్డ రాత్రుల్లో 'టక్... టక్' అని ఒక చప్పుడు వచ్చేది. కిందటి ఏడాది అక్టోబర్లో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన మూడో రాత్రి వంటింటి తలుపు దగ్గర నిలబడి చాలాసేపు విని, "కుళాయేంటే, కుళాయి బొట్టు ఒకే లెక్కన పడుతుంది, ఇది ఒకటి అంటే ఇంకోటి జవాబు చెబుతోంది, కప్పలివి" అంది. నేను ఒప్పుకోలేదు, బెకబెకమనని కప్ప ఉంటుందా అన్నాను. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. కప్ప అరుపు రికార్డు చేసి పంపితే దాని పేరు చెప్పే యాప్ ఒకటుందని వాడు స్కూల్లో విన్నాడట. అలా ఫ్రాగ్ ఐడీ మా ఇంట్లోకి వచ్చింది. ఏడాది పైగా వాడాక ఈ రివ్యూ రాస్తున్నాను, ఇక్కడుండే మనవాళ్ళ కోసం, ముఖ్యంగా ఇంట్లో పిల్లలున్నవాళ్ళ కోసం.

యాప్ ఉచితం. ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, ఐఫోన్‌లోనూ ఉంది. నడిపేది సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం, మొదలుపెట్టింది 2017 నవంబర్లో, దీన్ని ముందుండి నడిపిస్తున్న శాస్త్రవేత్త జోడీ రౌలీ, ఆ మ్యూజియంలో కప్పలూ సరీసృపాల విభాగానికి క్యురేటర్. వాడటం చాలా తేలిక. అకౌంట్ తెరిచి, కప్ప అరుస్తున్నప్పుడు రికార్డు బటన్ నొక్కాలి, 20 నుంచి 60 సెకన్లు చాలు. ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది ఫోనే రాసుకుంటుంది. తర్వాత అది పెరడా, అడవా, చెరువా, వాగా అని అడుగుతుంది. మన చుట్టుపక్కల ఉండే కప్పల గొంతులు ఒక్కొక్కటే వినిపిస్తుంది, పోల్చుకుని మనకి తోచింది పెట్టొచ్చు, తోచకపోతే వదిలేసి పంపెయ్యొచ్చు.

పాట వినిపిస్తే క్షణంలో పేరు చెప్పే యాప్‌లకి అలవాటుపడ్డవాళ్ళు ఇదీ అలాగే చెబుతుందనుకుంటారు. చెప్పదు. మనం పంపిన ముక్కని కప్పల గొంతులు తెలిసిన మనుషులు మ్యూజియంలో కూర్చుని విని, ఇది ఫలానా అని తేల్చి జవాబు పంపుతారు. దానికి రోజులు పట్టొచ్చు, వారాలు పట్టొచ్చు. నాకైతే ఇది లోపంగా అనిపించలేదు, అసలు ఈ యాప్‌లో అన్నిటికంటే నాకు నచ్చింది ఇదే. మా వాడు రోజూ స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ కూడా దించకుండా "వచ్చిందా అమ్మా?" అని అడిగేవాడు. మన గుంటలోని చప్పుడుని ఎక్కడో ఒక మనిషి చెవులు రిక్కించి వింటున్నారన్నది వాడికి పెద్ద విషయం. ఉత్తరం కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూశాడు.

జవాబు వచ్చింది: స్ట్రైప్డ్ మార్ష్ ఫ్రాగ్. ఒంటిమీద నిలువు చారలుండే గోధుమరంగు కప్ప, సిడ్నీ ఇళ్ళ మధ్య కుంటల్లో, కాలవల్లో మామూలుగా ఉండేదే. టెన్నిస్ బంతిని కొట్టినట్టుంటుంది దీని అరుపు అని ఇక్కడివాళ్ళు చెబుతారు. జవాబు చదివి వినిపిస్తే అమ్మ "నే చెప్పలా" అని ఒక్క మాటే అని మళ్ళీ చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది.

ఆ పేరు తెలియడం వల్ల ఎంత పని జరిగిందో చెబుతాను. ఈ కప్ప ఆడది గుడ్లు పెట్టేటప్పుడు చేతులతో నీళ్ళని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. దాని వేళ్ళకి అంచున చిన్న పొరలాంటిది ఉంటుంది, దాంతో గాలిబుడగల్ని గుడ్ల జిగురులోకి తోస్తుంది. అది తెల్లటి నురగలా నీళ్ళమీద తేలుతుంది, అరచేయంత ఉంటుంది, చూస్తే ఎవరో అంట్లు తోమిన నీళ్ళు పారబోశారనుకుంటాం. డిసెంబర్లో ఒక ఉదయం మా కాంప్లెక్స్ శుభ్రం చేసే అతను అదే అనుకుని వలతో తీసి బకెట్లో వేసుకున్నాడు. మా వాడు పరిగెత్తుకొచ్చి నన్ను లాక్కెళ్ళాడు. దగ్గరగా చూస్తే నురగ నిండా ఆవగింజల్లాంటి నల్లటి చుక్కలు, ఒక్కో చుక్కా ఒక్కో గుడ్డు. యాప్‌లో వచ్చిన జవాబూ, అందులోనే ఉన్న కప్ప పేజీ చూపించాను. పాపం అతను చాలా నొచ్చుకున్నాడు, వెంటనే బకెట్లోది మెల్లగా మళ్ళీ గుంటలోకే వంపాడు. కొద్దిరోజులకి నురగ కరిగి తోకకప్పలు కిందకి దిగాయి. ఇప్పుడు ఆ గుంట దగ్గర ఒక బోర్డు ఉంది, నురగ తియ్యొద్దని.

ఆ తర్వాత మేం పంపిన వాటిలో పిల్లలకి బాగా నచ్చేది పెరాన్స్ ట్రీ ఫ్రాగ్. గొంతు వింటే ఎవరో పగలబడి నవ్వుతున్నట్టు ఉంటుంది, మొదట గట్టిగా మొదలై కిందకి జారుతుంది. వరండా లైటు దగ్గర పురుగుల కోసం గోడెక్కింది ఒకరోజు. టార్చి కాస్త పక్కకి పట్టి చూస్తే కంట్లో పాప గుండ్రంగా లేదు, కూడిక గుర్తులా ఉంది. వీపు మీద ఆకుపచ్చ చుక్కలు, సూదిమొనతో పెట్టినట్టు. సాయంత్రం తెల్లగా బూడిదరంగులో ఉన్నది రాత్రి భోజనాలయ్యాక చూస్తే గోధుమరంగుకి వచ్చేసింది. మా వాడు అది వేరే కప్ప అని వాదించాడు కానీ ఒకటే, రంగు మారుస్తుంది అది.

మా చెల్లెలు పెర్త్‌లో ఉంటుంది. దానికి కూడా యాప్ అంటించాను. అక్కడ పెరళ్ళలో ఉండేదాని పేరే మోటర్‌బైక్ ఫ్రాగ్, ఎవరో బండి గేర్లు మారుస్తూ పోతున్నట్టు అరుస్తుంది. మొదటి రికార్డింగ్ మధ్యలో నిజంగానే రోడ్డు మీద బైక్ పోయింది, ఏది ఏదో దానికే తెలియలేదట, మళ్ళీ రికార్డు చేసి పంపింది. ఇప్పుడు టర్టిల్ ఫ్రాగ్ కోసం చూస్తోంది. తాబేలు డిప్ప తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది, గులాబీ రంగు, చిన్న తల, పొట్టి కాళ్ళు. మట్టిలోకి దిగే కప్పల్లో ఎక్కువ వెనక కాళ్ళతో తవ్వుకుంటూ దిగుతాయి, ఇది మాత్రం ముందు కాళ్ళతో తలని ముందు పెట్టి తవ్వుతుంది. చెదపురుగులు తిని బతుకుతుంది. గుడ్లు ఇసకలో మీటరు లోతున పెడుతుంది, వాటిలోంచి తోకకప్పలు రావు, నేరుగా బుల్లి కప్పలే వస్తాయి. నీటి గుంట అక్కర్లేని కప్ప! పెర్త్ నడిమధ్య ఉన్న కింగ్స్ పార్క్‌లోనే ఇవి ఉన్నాయి. మా చెల్లెలు రెండు వానలకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చింది, మూడో వానకి మళ్ళీ వెళ్తానంటోంది.

ఆస్ట్రేలియా సొంత కప్పలు 240 రకాలకు పైనే, అందులో ఎన్నో ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. యాప్‌లో కప్పల పేజీలు ఊరికే తిరగేస్తూ కూర్చోవచ్చు, నేను రైల్లో ఆఫీసుకి వెళ్తూ ఇదే పని చేశాను కొన్ని వారాలు. హిప్ పాకెట్ ఫ్రాగ్ అని ఒకటి, రెండు సెంటీమీటర్లు ఉంటుందేమో, అందులో మగదానికి నడుముకి రెండు పక్కలా సంచులుంటాయి. గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు నాన్న ఒంటిమీదకి పాక్కుంటూ వచ్చి ఆ సంచుల్లోకి దూరతాయి, వారాల తర్వాత కప్పలై బయటికొస్తాయి. ఎడారి వైపు వాటర్ హోల్డింగ్ ఫ్రాగ్, ఒంటినిండా నీళ్ళు నింపుకుని భూమిలోకి దిగి, విడిచిన చర్మాన్నే పొరలుపొరలుగా చుట్టుకుని, మళ్ళీ వాన పడేదాకా ఏళ్ళ తరబడి ఆగుతుంది. కరువులో ఆదిమవాసులు వీటిని తవ్వి తీసి ఆ నీళ్ళు తాగేవాళ్ళు.

కోసియస్కో కొండల మీద కొరాబరీ ఫ్రాగ్ ఉంది, నల్లటి ఒంటిమీద పచ్చటి పసుపు చారలు. విషం ఉండే కప్పలు మామూలుగా తాము తిన్న పురుగుల నుంచి ఆ విషం తెచ్చుకుంటాయి, ఇది తన విషం తనే తయారుచేసుకుంటుంది. అంతకంటే నన్ను పట్టేసిన సంగతి ఇంకోటి. శాస్త్రవేత్తలు వీటిని లెక్కపెట్టడానికి బురదనేలల దగ్గర నిలబడి "హే ఫ్రాగ్!" అని గట్టిగా కేకేస్తారు, మగకప్పలు ఆ కేకకి బదులు పలుకుతాయి. ఎన్ని పలికితే అన్ని ఉన్నట్టు. వీటిలో దక్షిణపు కొరాబరీ అనే జాతి ఇప్పుడు అడవిలో వేళ్ళమీద లెక్కపెట్టాల్సినంత తగ్గిపోయింది, సిడ్నీ టరోంగా జూ లాంటి చోట్ల పెంచి వదులుతున్నారు. అంటే ఆ కేకకి జవాబు రాని చోట్లు పెరిగిపోతున్నాయి.

వీటన్నిటిలో నన్ను నిద్రపోనివ్వనిది గ్యాస్ట్రిక్ బ్రూడింగ్ ఫ్రాగ్. క్వీన్స్‌లాండ్ అడవి వాగుల్లో ఉండేది. తల్లి తన గుడ్లని తనే మింగేసేది. ఆ తర్వాత కడుపులో ఆమ్లం తయారవడం ఆగిపోయేది, పొట్టే గర్భసంచి అయిపోయేది. ఆరేడు వారాలు ఏమీ తినకుండా ఉండి, ఆఖరికి నోరు తెరిస్తే బుల్లి కప్పలు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. ఈ జాతి సంగతి లోకానికి తెలిసింది 1970ల మొదట్లో. అడవిలో ఆఖరిసారి కనబడింది 1981లో, పెంపకంలో ఉన్న ఆఖరిది 1983లో చచ్చిపోయింది. 1984లో ఇదే పద్ధతిలో పిల్లల్ని కనే ఇంకో జాతి ఉత్తరాన యుంగెల్లాలో దొరికితే అదీ మరుసటి ఏడాదికల్లా కనుమరుగైంది. ఆమ్లాన్ని అలా ఆపడం నేర్చుకుంటే మనుషుల కడుపులో పుండ్లకి మందు దొరుకుతుందని ఆశపడ్డారు, దాన్ని పూర్తిగా చదివేలోపే అది లేదు. అప్పుడు ఆ వాగుల దగ్గర ఊరికో పది ఫోన్లు ఉండుంటే, ప్రతి వానకీ ఎవరో ఒకరు రికార్డు చేస్తూ ఉండుంటే, ఆ గొంతులు పల్చబడుతున్నాయని ముందే తెలిసేది కదా అనిపిస్తుంది నాకు. ఈ యాప్ పని అదే. ఇది కప్పల పేర్లు చెప్పే యాప్ అని అందరూ అంటారు, నిజానికి కప్పల హాజరుపట్టీ ఇది.

ఆ హాజరుపట్టీ ఉత్తగా పడిలేదు. ఇప్పటికి పది లక్షలకు పైగా రికార్డులయ్యాయి. 2019–20లో ఇక్కడ అడవులు తగలబడ్డాక, శాస్త్రవేత్తలు వెళ్ళలేని చోట్ల నుంచి మామూలు జనం పంపిన అరుపుల్ని బట్టే 45 జాతులు మంటల తర్వాత కూడా మిగిలున్నాయని తెలిసింది. 2021లో, ఒకటే జాతి అనుకుంటున్న బ్లీటింగ్ ట్రీ ఫ్రాగ్ నిజానికి మూడు జాతులని తేల్చారు, దానికి డీఎన్ఏతో పాటు జనం పంపిన అరుపులు కూడా సాక్ష్యమయ్యాయి. అందులో ఒకదాని పేరు స్క్రీమింగ్ ట్రీ ఫ్రాగ్, కీచుమని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. అదే ఏడాది చలికాలంలో తూర్పు తీరమంతా కప్పలు పెరళ్ళలో చచ్చిపడి కనిపిస్తే జనం వందలమంది మ్యూజియంకే చెప్పుకున్నారు. పరీక్ష చేస్తే చాలావాటిలో కిట్రిడ్ అనే బూజు దొరికింది. కప్ప చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, చర్మంతో ఊపిరి కూడా పీలుస్తుంది, ఆ చర్మాన్నే ఈ బూజు పట్టి ఒంట్లో ఉప్పుల లెక్క తప్పిస్తుంది, చివరికి గుండె ఆగిపోతుంది. ప్రపంచమంతా కప్పల్ని తుడిచిపెడుతున్నది ఇదే.

యాప్ చూసే హోంబుష్‌లోని ఒలింపిక్ పార్క్‌కి వెళ్ళాం ఒక శనివారం, మాకు అరగంట దూరం. అక్కడ పాత ఇటుకల గని ఉంది, పెద్ద గొయ్యి. 2000 ఒలింపిక్స్‌కి అందులో టెన్నిస్ స్టేడియం కడదామనుకున్నారు. తీరా చూస్తే గొయ్యి అడుగున నీళ్ళలో గ్రీన్ అండ్ గోల్డెన్ బెల్ ఫ్రాగులు, అప్పటికే అరుదైపోయిన జాతి. స్టేడియాన్ని వేరే చోటికి మార్చారు, గొయ్యిని కప్పలకి వదిలేశారు. గొయ్యి మీదుగా 18 మీటర్ల పైన 550 మీటర్ల చుట్టు వంతెన వేశారు, మనం పైనుంచి చూడాలే తప్ప కిందకి దిగడానికి లేదు. ఒక దేశం ఒలింపిక్స్ పనుల మధ్యలో కప్ప కోసం పక్కకి జరిగింది! అమ్మ ఈ మాట నమ్మడానికి నాలుగుసార్లు చెప్పించుకుంది. బంగారు గీతలున్న ఈ ఆకుపచ్చ కప్ప పేరుకి చెట్టుకప్పే, పట్టపగలు ఎండలో కూర్చుంటుంది. దాని గొంతు కూడా బైకు మొరాయించినట్టే ఉంటుంది. మాకు ఆరోజు కనబడలేదు, వినబడింది, ఒక్కసారి.

ఈ కప్పకే ఇప్పుడు ఇటుకలు మందయ్యాయి. మక్వారీ యూనివర్సిటీలో ఆంథనీ వాడిల్ బృందం రంధ్రాల ఇటుకలు పేర్చి, పైన చిన్న గ్రీన్‌హౌస్ లాంటిది పెట్టి ఎండకి కాగనిచ్చింది. కప్పలు తమంతట తామే వెళ్ళి ఆ రంధ్రాల్లో దూరి వెచ్చగా కూర్చుంటాయి, వేడికి బూజు పోతుంది, అలా బాగుపడ్డవాటికి మళ్ళీ బూజు సోకినా తట్టుకునే శక్తి వస్తోంది. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది ఇది. ఇంట్లో చేసుకోగలిగేంత చవక, మేం కూడా వచ్చే చలికాలానికి పెరట్లో ఒకటి పెట్టబోతున్నాం.

వాడేవాళ్ళకి నాలుగు మాటలు. వాన వెలిసిన వెచ్చటి రాత్రి మంచి సమయం. అడుగుల చప్పుడు వినగానే కప్పలు టక్కున ఆగిపోతాయి, కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే మళ్ళీ మొదలెడతాయి. మా మొదటి రెండు రికార్డింగుల్లో కప్పల కంటే మా మాటలే ఎక్కువ, మూడోసారి అమ్మ "ఆగండర్రా" అని ఇద్దరి నోళ్ళూ మూయించాకే సరిగ్గా వచ్చింది. మెయిన్ రోడ్డు పక్కన ఉంటే రాత్రి పది దాటాక ప్రయత్నించండి. కప్పని పట్టుకోవద్దు, మన చేతుల మీదున్న క్రీములు దాని చర్మానికి మంచివి కావు, బూజు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మనమే మోసుకుపోతాం. కాళ్ళకి బూట్లు, చేతిలో టార్చి తప్పనిసరి, పాములుంటాయి. ఇంకొకటి, అరిచేవి ముఖ్యంగా మగకప్పలే, కాబట్టి నిశ్శబ్దంగా ఉన్న గుంటలో కప్పలు లేవని తీర్మానించకండి.

క్వీన్స్‌లాండ్‌లో ఉండేవాళ్ళకి ఈ యాప్ ఇంకా అవసరం. 1935లో చెరుకు పురుగుల్ని తింటాయని హవాయి నుంచి కేన్ టోడ్లనే విషపు గరుకు కప్పల్ని ఓ వంద తెచ్చి, వాటి పిల్లల్ని వదిలితే పురుగులు పోలేదు, టోడ్లు మాత్రం ఉత్తరమంతా నిండిపోయాయి, వాటిని తిన్న ఉడుములు విషానికి చచ్చిపోతున్నాయి. దాంతో కోపం మీద అక్కడి జనం కనబడ్డ ప్రతి గరుకు కప్పనీ టోడ్ అనుకుని చంపేస్తుంటారు, అందులో పాబుల్‌బాంక్ లాంటి అసలైన స్థానిక కప్పలు పోతున్నాయి. తీగ మీటినట్టు 'బొంక్' అంటుంది పాపం ఆ కప్ప. ముందు గొంతు విని, పంపి, తెలుసుకుని అప్పుడు ఏదైనా చెయ్యండి.

నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర. అర ఎందుకు తగ్గించానంటే ఇది ఆస్ట్రేలియా లోపలే పనికొస్తుంది. జులైలో తెనాలిలో మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి అమ్మ మా పొలం గట్టు మీద నిలబడి వాట్సాప్‌లో నలభై సెకన్ల వాయిస్ పంపింది. అచ్చం యాప్‌కి పంపినట్టే, తను ఒక్క మాట మాట్లాడకుండా, ఊపిరి బిగబట్టి. నిండా బావురుకప్పలు. తొలకరికి మగవి నిమ్మపండు రంగుకి తిరిగి, గొంతు కింద నీలం సంచులు ఉబ్బించి అరుస్తాయి కదా, అవి. వానలు పడకపోతే కప్పతల్లిని రోకలికి కట్టి ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోయించిన ఊరు మాది, అక్కడి గొంతుల్ని రాసుకునే పట్టీ మాత్రం మాకు లేదు. మా వాడు ఆ వాయిస్‌ని ఫోన్లో దాచి, తేదీ, టైము, 'అమ్మమ్మ వాళ్ళ పొలం' అని పేరు పెట్టుకున్నాడు. వచ్చే వానకి ఇంకోటి పంపమని అడిగాడు.